దారి పక్క మట్టి

ఈ సంగతి పదకొండేళ్ళ కిందటే రాయాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసేదాన్ని. అరవై దాటి పని మానేశాక చదవడం నేర్చుకున్నాను. అది ఒక ఏడాదికి వచ్చింది. రాయడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. పార పట్టిన వేళ్ళకు పెన్ను తేలిగ్గా ఉండి జారిపోయేది.

ఇంకో కారణం కూడా ఉంది. నా ట్రంకు పెట్టెలో, చీరల అడుగున ఒక కాగితం ఉండేది. ఆ సంగతి గురించే ఒకావిడ నాకు రాసిచ్చిన కాగితం. అందులో ఏముందో తెలియకుండా నేను ఏం రాసినా సగమే అవుతుంది. ఎవరిని అడిగినా చదివిపెట్టేవాళ్ళు. నేనే అడగలేదు. అడిగితే నా తప్పు ఇంకొకరి నోటితో బయటికి వినపడుతుందని భయం.

బందరులో ఒక పార్కులో నేను ఇరవై రెండేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేశాను. ఊడవడం, మొక్కలకు నీళ్ళు పెట్టడం, ఎండుటాకులు ఎత్తడం. మీరిప్పుడు వెళ్తే అక్కడ చుట్టూ ఎర్ర టైల్స్ పరిచిన వాకింగ్ ట్రాక్ కనిపిస్తుంది. ఆ ట్రాక్ కోసం తవ్వినప్పుడు పడమటి పక్కన, మోకాలి లోతులో, గునపం ఇటుకకు తగిలింది. చుట్టూ మట్టి తీసి చూస్తే, సన్నటి ఇటుకలు రెండు వైపులా నిలువునా పాతి ఉన్నాయి. వాటి మధ్య ఇటుక ముక్కలు, సముద్రపు గుల్లలు, సున్నం కలిపి దిమ్మిసతో కొట్టిన గట్టి దారి ఉంది.

మా సూపర్‌వైజరు ఒక ఇటుక చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "భలే ఉన్నాయే. మా దొడ్లో తులసికోటకు సరిపోతాయి" అన్నాడు.

రోజూ పొద్దున్నే నడకకు వచ్చే ఒక టీచరుగారు అది విన్నారు. ఊళ్ళో చాలామందికి తెలుగు చెప్పి రిటైరైన మనిషి. "ఆ ఇటుక అక్కడ పెట్టు నాయనా" అన్నారు. ఆయన పెట్టేశాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. తర్వాత ఆవిడ ఎవరెవరికో ఫోన్లు చేశారు. వారం తిరక్కుండా పని ఆపి, ఆ దారి ఏమిటో చూడమని పురావస్తు శాఖవాళ్ళు ఒక అమ్మాయిని పంపారు.

అమ్మాయి అంటున్నాను గానీ అప్పుడు మేము మేడమ్ అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళుంటాయి. గుడివాడలో ఇల్లు. రోజూ బస్సులో వచ్చి బస్సులో వెళ్ళేది. తవ్వడానికి మనుషులు కావాలంటే సూపర్‌వైజరు నన్నూ, నాతో పనిచేసే ఇంకో ఆవిడనూ ఇచ్చాడు. ఆవిడ నాకు చుట్టం కాదు, పార్కులో అందరికీ వదినే. మేడమ్ కూడా మూడోరోజు నుంచి వదినా అనడం మొదలుపెట్టింది.

మొదటిరోజు మేడమ్ మేకులు పాతి, దారాలు కట్టి గళ్ళు చేసింది. ఆ గళ్ళలో మమ్మల్ని కూర్చోబెట్టి, చేతికి తాపీ, బ్రష్షు ఇచ్చింది. బందరు నల్లమట్టిని తాపీతో అంగుళం అంగుళం తీయమంటే వదినకు నవ్వాగలేదు.

"మేడమ్, ఇలా అయితే మీ పెళ్ళి, నా మనవడి పెళ్ళి కూడా ఇక్కడే చేయాల్సొస్తుంది" అంది.

"మీ మనవడికి ఎన్నేళ్ళు వదినా?"

"నాలుగు."

"అయితే పర్లేదు, టైముంది."

అలా కలిసిపోయింది. మధ్యాహ్నం మాతోనే కూర్చుని డబ్బా తెరిచేది. వాళ్ళింట్లో చేపలు తినరు. వదిన కావాలని చేపల పులుసు గిన్నె మూత తీసి ఆవిడ వైపు జరిపేది. "తినొద్దులెండి, వాసన చూస్తే ఏం కాదు" అనేది. "వాసనతోనే సగం అన్నం అయిపోతోంది వదినా, ఇంకాస్త దగ్గరగా పెట్టండి" అనేది మేడమ్.

పని మాత్రం ఆటగా చేయనిచ్చేది కాదు. ప్రతిరోజూ మొదలుపెట్టే ముందు ఒక్కటే మాట చెప్పేది. "తీసిన మట్టిని మళ్ళీ పెట్టలేమండీ. తీయకముందే చూడాలి." మట్టి ఒకదానిమీద ఒకటి కప్పిన దుప్పట్లలాంటిదని, ఏ దుప్పటి ఎప్పుడు కప్పారో తెలియాలంటే మెల్లగా తొలగించాలని చెప్పింది. నాకు బాగా అర్థమైంది. మా ఇంట్లో మట్టినేల ఉండేది. ఏడాదికి ఎన్నిసార్లు అలుకుతామో అన్ని పొరలు దాని మీద ఉంటాయి. ఒక మూల పెచ్చు లేస్తే అన్నీ లెక్కపెట్టొచ్చు.

ఆవిడ దారికి పడమటి పక్కన పెద్ద గొడుగు పాతుకుని, దాని కింద స్టూలు వేసుకుని, పుస్తకంలో రాసుకునేది. మేము తూర్పు నుంచి పని చేసుకుంటూ వచ్చాం. ఇరవై రోజులకు తూర్పు అంచు మొత్తం తేలింది. దారి పొడుగు ఇరవై నాలుగు అడుగుల వరకు బయటపడింది. పడమటి అంచు ఇటుకలు మాత్రం ఇంకా సగం మట్టిలోనే ఉన్నాయి.

ఒక సాయంత్రం మేడమ్ గొడుగు మడిచి తీసేస్తూ చెప్పింది. "రేపు మా ఆఫీసు పెద్దసారు వస్తున్నారు. ఆయనకు నచ్చితే దారిని కప్పకుండా ఇలాగే ఉంచి, చుట్టూ రెయిలింగ్ వేయిస్తారు. అందరూ వచ్చి చూస్తారు. నచ్చకపోతే కప్పేస్తారు. రేపు దారి చూడగానే బాగా కనపడాలండీ. అంచు ఇటుకలు తెలియాలి."

ఆ మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది. నేను రోజూ ఊడ్చే చోట, నా చేతులతో తీసిన దారిని చూడటానికి ఊళ్ళవాళ్ళు వస్తారు. చదువుకోని మనిషికి అంతకంటే పెద్ద పని ఏం దొరుకుతుంది? పైగా ఆ పిల్ల రోజూ గుడివాడ నుంచి బస్సులో వస్తోంది. ఆవిడ మొహం మీద నవ్వు చూడాలని నాకు ఆశ.

మాకొక అలవాటుంది. ఇంటికి ముఖ్యమైన మనుషులు వస్తున్నారంటే వాళ్ళు రాకముందే వాకిలి చెక్కి, ఊడ్చి, నున్నగా అలికి పెడతాం. వాకిట్లో ఎత్తుపల్లాలు ఉంటే ఇల్లాలికి నామోషీ. ఆ రోజు నేను అందరికంటే ముందు పార్కుకు వచ్చాను. పడమటి అంచు చూస్తే మనసు ఊరుకోలేదు. తూర్పు పక్క ఇటుకలు బారులు తీరి ఉన్నాయి. ఇటుపక్క బూడిదరంగు మట్టి ఇటుకల మీదికి ఎక్కి, గరుకుగా, అసహ్యంగా ఉంది. పార తీసుకుని మొదలుపెట్టాను. పైన పారతో, ఇటుకల దగ్గర తాపీతో. మట్టి గట్టిగా ఉంది. ఒడుపు తెలిశాక మాత్రం పెచ్చులు పెచ్చులుగా లేచింది. గమేళాలో ఎత్తి గుట్ట మీద పోశాను. ఇటుకలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే సంతోషంగా ఉంది.

పద్నాలుగు అడుగులు అయ్యాక చెప్పుల్లో మట్టి చేరిందని విప్పేసి, మిగిలిన మట్టి మీద కాలు పెట్టాను.

అరికాలు మట్టిలో ఒక పల్లంలో కూర్చుంది. లోతు లేదు, కంటికి కనపడేంత కూడా లేదు. పడవ అడుగులా మధ్యలో దిగి, రెండు పక్కలా లేచి ఉంది. రెండో కాలు ముందుకు వేశాను. అది కూడా అందులోనే పడింది. ఇంకో అడుగు. మళ్ళీ అక్కడే.

ఆ స్పర్శ నాకు తెలుసు.

మాది నాగాయలంక అవతల సముద్రం దగ్గర చిన్న ఊరు. మా అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట తిరిగేది. నాకు ఎనిమిదేళ్ళు వచ్చాక నాకూ ఒక చిన్న తట్ట ఇచ్చింది. కంకర రోడ్డు ఉండేది గానీ అమ్మ ఎప్పుడూ రోడ్డు మీద నడవలేదు. రోడ్డు పక్కన, గడ్డికీ కంకరకూ మధ్య, మూరెడు మట్టి ఉండేది. మా ఆడవాళ్ళందరూ ఒకరి వెనక ఒకరు అందులోనే నడిచేవాళ్ళు. నేను ఒకసారి రోడ్డెక్కితే అమ్మ తిరిగి చూడకుండానే పిలిచింది. తట్ట ఉంటే మెడ తిరగదు కదా. "ఇటు రాయే. అది బళ్ళకి. తట్ట నెత్తినుంటే కంటితో కాదు, అరికాలితో చూసుకోవాలి."

గుల్లలూ ఇటుక ముక్కలూ కొట్టిన దారి మీద బూట్లున్నవాళ్ళు నడుస్తారు. ఉత్త కాళ్ళతో బరువు మోసేవాళ్ళు నడవలేరు. గుల్ల పెంకు బ్లేడులా కోస్తుంది, ఎండకు కాలుతుంది. అందుకని పక్కన మట్టిలో నడిచారు. ఏళ్ళ తరబడి నడిచారు. ఆ మట్టి అంత గట్టిగా, పొరలు పొరలుగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. దాన్నే నేను మురికి అనుకుని పద్నాలుగు అడుగులు చెక్కేశాను. మా అమ్మలాంటివాళ్ళ దారిని గంటన్నరలో గమేళాకెత్తి గుట్ట మీద పోశాను.

వదిన వచ్చేసరికి నేను అలాగే నిలబడి ఉన్నాను.

"ఏంటే, తేలు కుట్టిందా?"

చెప్పాను. వదిన గుట్ట వైపు చూసింది, నా వైపు చూసింది.

"నోరు మూసుకో. ఎవరికి తెలుసు? నీకూ, నాకూ, అదుగో ఆ కుక్కకీ. కుక్క చెప్పదు, నేను చెప్పను."

"మేడమ్‌కి చెప్పాలి వదినా."

"చెప్తే ఆవిడ ఏడుస్తుంది, నీ పని పోతుంది. మట్టి మాత్రం తిరిగి రాదు."

అందులో అబద్ధం ఏమీ లేదు. ముందుగా మేడమ్‌కి చెబుదామంటే, ఆ రోజు గుడివాడ బస్సు ఆలస్యం. ఆవిడ గేటులోకి వస్తున్నప్పుడే వెనకాల పెద్దసారు కారు వచ్చింది.

పెద్దసారు చెడ్డవాడు కాదు. ఎండలో నిలబడి ఓపిగ్గా విన్నారు. ఓడల మీద వచ్చిన వర్తకుల కాలంలో వేసిన దారి అయ్యుండొచ్చని, తోట నుంచి గిడ్డంగి వైపు వెళ్ళి ఉంటుందని మేడమ్ చెప్పింది. పడమటి అంచు శుభ్రంగా ఉండటం చూసి నా వైపు తిరిగి నవ్వింది. పొద్దున్నించీ నేను కోరుకున్న నవ్వు అదే. ఎందుకు వచ్చిందో తెలిసి చూడలేకపోయాను.

పెద్దసారు అన్నారు, "బాగుందమ్మా. కానీ ఇలాంటివి ఈ ఊళ్ళో ఎక్కడ తవ్వినా తగులుతాయి. ఫోటోలు తీసుకుని ఇసక పోసి కప్పేయండి. కింద భద్రంగానే ఉంటుంది. రేపటి నుంచి ట్రాక్ పని మొదలుపెడతారు."

"ఇంకో నాలుగు రోజులు ఇస్తే సార్..."

"కొత్తది ఏదైనా ఉంటే ఇస్తాను. ఏముంది?"

మేడమ్ దగ్గర చెప్పడానికి కొత్తది ఏమీ లేదు. ఉన్నది నా దగ్గర. చెప్పాలంటే పద్నాలుగు అడుగుల సంగతీ చెప్పాలి. వదిన నా చీర చెంగు పట్టుకుని లాగింది.

"పక్కన ఇంకో దారి ఉందండీ" అన్నాను.

సూపర్‌వైజరు "నువ్వూరుకో" అన్నాడు. పెద్దసారు చెయ్యెత్తి, "ఎక్కడమ్మా?" అని అడిగారు.

"ఇక్కడి నుంచి ఆ బాదంచెట్టు దాకా మిగిలిందండీ. ఇటువైపుది నేనే చెక్కేశాను. ఇవాళ పొద్దున. తెలియక."

మేడమ్ మొహం నేను చూడలేదు, తల వంచుకున్నాను. పెద్దసారు వంగి చూసి, "మట్టే కదా" అన్నారు. మామూలుగానే అన్నారు. ఆయనకు కనపడింది అదే.

మాటల్లో చెప్పలేనని తెలిసింది. గమేళాలో మట్టి నింపుకుని, చెంగు చుట్టి కుదురులా నెత్తిన పెట్టుకుని, దాని మీద గమేళా ఎత్తుకున్నాను. కళ్ళు మూసుకుని, చెట్టు దాకా నడిచాను. పది అడుగుల దూరం. నా కాళ్ళు పల్లం దాటి ఒక్కసారి కూడా బయట పడలేదు. వెనక్కి తిరిగి అలాగే వచ్చాను. కళ్ళు తెరిచేసరికి మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మట్టి మీద అరచెయ్యి పెట్టి ఉంది.

"మీకెలా తెలిసిందండీ?" అంది.

"కాలికి తెలిసిందండీ."

పెద్దసారు వాచీ చూసుకున్నారు. "సాయంత్రం దాకా ఇసక పోయకుండా ఆగుతారు. కొలతలు, ఫోటోలు, ఏం రాసుకుంటారో రాసుకోండి. అంతకుమించి నా చేతిలో లేదు" అన్నారు.

ఆ పది అడుగుల మీద మేము ముగ్గురం సాయంత్రం దాకా పనిచేశాం. మేడమ్ ఒక్క చోట మాత్రం అడ్డంగా సన్నగా కోసి చూపించింది. ఇటుక అంచు పక్కన, వంగిన గీతల్లా, ఒకదాని మీద ఒకటి నల్లటి పొరలు. కాగితాల దొంతర పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. వాన పడినప్పుడు బురదగా, ఎండినప్పుడు గట్టిగా, మళ్ళీ బురదగా. ఆవిడ కొలిచింది, బొమ్మ గీసింది, ఫోటోలు తీసింది, రాసింది. నాతో "బ్రష్షు ఇవ్వండి", "టేపు పట్టుకోండి" అనే మాటలే. మధ్యాహ్నం మాతో కూర్చోలేదు. వదిన గిన్నె మూత తీసి కాసేపు చూసి మళ్ళీ పెట్టేసింది.

పొద్దు వాలాక ఉండబట్టలేక అడిగాను. "మేడమ్, నా తప్పు రాశారా?"

"జరిగింది రాశానండీ."

"నేను చెక్కేశానని రాశారా?"

ఆవిడ పుస్తకం మూసింది. "ఇది ఇంగ్లీషులో ఉంది. మీకు తెలుగులో రాసిస్తాను" అని, వేరే కాగితం తీసి, స్టూలు మీద పెట్టుకుని చాలాసేపు రాసింది. మడిచి నా చేతిలో పెట్టింది. "ఎవరిచేతనైనా చదివించుకోండి. మళ్ళీ వస్తానండీ" అంది. బస్సు టైమైందని పరిగెత్తినట్టే వెళ్ళింది.

మర్నాడు ఇసక లారీ వచ్చింది. ఆ గుంటలో ఇసక పోసిందీ నేనూ వదినే. రెండు దారులూ ఒకేసారి మునిగాయి.

మేడమ్ మళ్ళీ రాలేదు. ఆవిడది కూడా తాత్కాలికపు ఉద్యోగమే అని తర్వాత తెలిసింది. ఒకసారి నేను ఆ కాగితం రవికలో పెట్టుకుని గుడివాడ వెళ్ళాను, ఆవిడచేతే చదివించుకుందామని. తప్పు పట్టినా ఆవిడ నోటితో వింటే తట్టుకోగలననిపించింది. వీధి దొరికింది. ఇంట్లో వేరేవాళ్ళున్నారు. ఎక్కడికో ఉత్తరాదికి ఉద్యోగానికి వెళ్ళిందని, వాళ్ళమ్మానాన్నలను కూడా తీసుకెళ్ళిందని చెప్పారు. మంచినీళ్ళు ఇచ్చారు. తాగి, తిరుగు బస్సెక్కాను.

వదిన కూడా తన కూతురి దగ్గరికి హంసలదీవి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు, "ఆ కాగితం ఇంకా దాచుకున్నావా? పెళ్ళినాటి పట్టుచీరను కూడా అంత జాగ్రత్తగా దాచలేదు కదే" అని ఎగతాళి చేసింది. నేను పని మానేశాక పార్కులో ఒక బోర్డు పెట్టారు. ఏముందని అడిగితే టీచరుగారు చదివారు. ఇక్కడ విదేశీ వర్తకుల కాలపు దారి బయటపడింది, అని ఉంది. ఇంకా ఏమైనా ఉందా అన్నాను. అంతే ఉంది అన్నారు.

ఆ రోజే నాకు అక్షరాలు చెప్పమని ఆవిడను అడిగాను. పార్కు బెంచీ మీదే మొదలుపెట్టాం. మొదట బస్సుల మీది పేర్లు చదివేదాన్ని. 'మోపిదేవి' అని ఎవరూ చెప్పకుండా నా అంతట నేనే చదివిన రోజు, ఎక్కాల్సిన పని లేకపోయినా ఆ బస్సు కదిలి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

పోయిన నెలలో కాగితం తీశాను. గొలుసుకట్టు రాత కాబట్టి కష్టమైంది. నేను చదవనా అని టీచరుగారు అడిగారు. వద్దండీ అన్నాను. ఒక్కో మాటా పట్టుకుని మధ్యాహ్నమంతా చదివాను. అందులో ఇలా ఉంది:

"దారికి పడమటి అంచున, మూరెడు వెడల్పున, తొక్కుడుకు గట్టిపడిన మట్టి ఉంది. చెప్పుల్లేకుండా బరువులు మోసినవాళ్ళు నడిచిన బాట కావచ్చు. దీన్ని గుర్తించింది ఇక్కడ పనిచేసే ఒక స్త్రీ, తన కాలితో. నేను గుర్తించలేదు. ఇరవై రోజులు దాని మీదే గొడుగు పాతుకుని కూర్చున్నాను. అంచు శుభ్రం చేయమని నేను చెప్పడం వల్ల పద్నాలుగు అడుగుల బాట పోయింది. పొరపాటు నాది."

అంచు ఇటుకలు తెలియాలని మాత్రమే ఆవిడ అంది. చెక్కమనలేదు. తీయకముందే చూడమని రోజూ చెప్పింది. నేను ఆవిడ లేనప్పుడు, ఆవిడను అడక్కుండా తీశాను. ఆ రోజంతా నాతో మాట్లాడకపోతే కోపం అనుకున్నాను. ఆవిడ తన తప్పు వెతుక్కుంటోందని నాకు తోచలేదు. పదకొండేళ్ళుగా ఆ తప్పు ఆవిడ పేరు మీదే ఉంది. నేను పెట్టె తెరవకుండా ఉంచినన్నాళ్ళూ ఉంది.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ పద్నాలుగు అడుగులూ తీసింది నేను. ఎవరూ తీయమనలేదు. ఇలాంటి పనుల్లోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇది చదివితే, చక్కగా కనపడటం కోసం ఏదైనా చెక్కేసే ముందు చెప్పులు విప్పి ఒకసారి దాని మీద నడిచి చూడండి. ఆవిడ ఎక్కడైనా ఇది చదివితే, వదిన ఇక్కడ లేకపోయినా చేపల పులుసు నేను పెడతాను, వాసనకైనా రమ్మంటున్నాను.

కాగితం చదివిన మర్నాడు పొద్దున్నే పార్కుకు వెళ్ళాను. ట్రాక్ మీద అందరూ బూట్లు వేసుకుని నడుస్తున్నారు. పడమటి పక్క టైల్స్ అంచున చూస్తే, మూరెడు వెడల్పున గడ్డి లేదు. మట్టి నున్నగా, గట్టిగా ఉంది. ఎండకు టైల్స్ కాలతాయి. ఇప్పుడు నీళ్ళ బిందెలూ ఆకుల గమేళాలూ మోసే ఆడవాళ్ళు, నా తర్వాత చేరినవాళ్ళు, పక్కనుంచి నడుస్తున్నారు.

చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అందులో దిగాను.

"అమ్మా, ట్రాక్ ఖాళీగానే ఉందండీ, పైకి రండి" అన్నాడు నడుస్తున్న ఒకాయన.

"ఇక్కడ బాగుంది బాబూ" అన్నాను. బాదంచెట్టు దాకా వెళ్ళి, తిరిగి ఆ మట్టిలోనే నడిచి వచ్చాను.